గుడి కట్టిన ఏళ్లలో మా సంఘం, నా విశ్వాసం

హైదరాబాద్‌లో మా చెల్లెలు వాళ్లు వెళ్లే సంఘంలో ఇప్పుడు పెద్ద గొడవ నడుస్తోంది. పాత చర్చి పడగొట్టాలా వద్దా, పాస్టరుగారి బదిలీ, కమిటీ ఎన్నికలు, అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. "అక్కా, మీ దగ్గర ఇదంతా జరిగినప్పుడు నువ్వెలా తట్టుకున్నావు? అసలు ఆదివారం వస్తే వెళ్లబుద్ధి ఎలా వేసేది?" అని మొన్న అడిగింది. ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది రాసి పెడితే దానికే కాదు, అలాంటి పరిస్థితిలో ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌను, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కింద ఉన్న సంఘం. 1841లో ఫాక్స్ దొర, నోబుల్ దొర మచిలీపట్నంలో మొదలుపెట్టిన సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ అనే ఇంగ్లండు సంస్థ) మిషన్ పని మెల్లగా చుట్టుపక్కల ఊళ్లకి పాకింది కదా, అలా పుట్టిన సంఘాల్లో మాదొకటి. పాత గుడి మా అత్తయ్య వాళ్ల తాతల కాలంలో కట్టింది. గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు, పైన మద్రాసు టెర్రస్ కప్పు, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో వేసింది. మండు వేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది. నేను పెళ్లయి వచ్చింది ఆ గుడిలోకే, పిల్లలిద్దరి బాప్తిస్మం అక్కడే, సండే స్కూల్ చెప్పింది కూడా ఆ పక్క వరండాలోనే.

2017 వానాకాలంలో కప్పు పెచ్చులు ఊడి క్వయర్ బెంచీ మీద పడ్డాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు శనివారం, ఎవరూ లేరు. రిటైరైన ఇంజనీరు ఒకాయన వచ్చి నిచ్చెనేసి ఎక్కి దూలాల చివర్లు సుత్తితో కొట్టి చూశాడు. గోడలో దిగిన చోట చెదలు తినేసింది. బాగు చేయొచ్చు గాని ఖర్చు చాలా అవుతుంది, ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేను అన్నాడు. ఇక అక్కణ్నుంచి సంఘం రెండయింది. కొత్తది కట్టాలి, సగం మంది బయట ఎండలో కుర్చీలేసుకుని కూర్చుంటున్నారు అని కొందరు. ఎంతైనా సరే పాతదే బాగు చేసుకోవాలి అని కొందరు.

ఈ గొడవ మా ఇంట్లోనే జరిగింది. నేను కొత్త గుడికి చెయ్యెత్తాను. ఆ వరండాలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పైకి చూస్తూ పాఠం చెప్పాలంటే నాకు భయం వేసేది. మా అత్తయ్య అదే మీటింగులో, అందరి ముందూ, పాతదానికి చెయ్యెత్తింది. ఇంటికొచ్చాక చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆవిడ బాధ నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల పల్లెలో మన వాళ్లని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. పెద్ద వీధిలో చెప్పులేసుకుని నడవనిచ్చేవాళ్లు కాదు. "ఆ రోజుల్లో మా తాత తల వంచకుండా లోపలికెళ్లిన గుమ్మం ఇదొక్కటేనమ్మా, ఈ గోడకి సున్నం మోసింది కూడా ఆయనే" అంది ఒక రాత్రి వంటింట్లో, నా వైపు చూడకుండా. దానికి నా దగ్గర జవాబు లేదు. చెదల సంగతి నిజమే, ఆ గుమ్మం సంగతీ నిజమే.

ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయంలో ఒక సంగతి ఉంది. చెరలోంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేములో రెండో దేవాలయానికి పునాది వేస్తారు. పడుచువాళ్లు సంతోషంతో కేకలు వేస్తుంటే మొదటి మందిరాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడుస్తారు. ఏది కేక, ఏది ఏడుపు అని వినేవాళ్లకి తెలియనంతగా రెండూ కలిసిపోతాయి. ఆ ఏడ్చినవాళ్లకి విశ్వాసం తక్కువని అక్కడ ఎవరూ అనలేదు, ఎవరూ నోరు మూయించలేదు. మా సంఘంలో మాత్రం "దేవుడు కొత్త కార్యం చేస్తుంటే వెనక్కి చూస్తారేంటి" అని పెద్దవాళ్లని పడుచువాళ్లు స్టేజీ మీంచే అన్నారు. నేను వాళ్ల పక్షమే అయినా ఆ మాట నాకు ఇప్పటికీ తప్పనే అనిపిస్తుంది. సంఘంలో మార్పు వచ్చినప్పుడు దుఃఖపడేవాళ్లకి దుఃఖపడే హక్కు ఉండాలి. అది తీసేసుకుంటే వాళ్లు లోపల గట్టిపడిపోతారు.

2019 జనవరిలో కూల్చే పని మొదలైంది. స్మారక ఫలకాలు ముందే జాగ్రత్తగా ఊడదీశారు, గంటని మోకులు కట్టి దింపారు. దూలాలు దింపిన రోజు అత్తయ్యని తీసుకెళ్లాను, ఆవిడే అడిగింది. వడ్రంగి మేస్త్రి ఒక దూలం చివర మట్టి గోనె గుడ్డతో తుడిచి చూపించాడు. ఉలితో చెక్కిన తెలుగు అంకెలు ఉన్నాయి, ఏ దూలం ఏ గోడ మీద ఎక్కాలో తెలియడానికి ఆనాటి వడ్రంగులు వేసుకున్న గుర్తులు. ఒకదాని మీద ౪, పక్కదాని మీద ౫. అన్నేళ్లు గోడలోపల ఉండి ఎవరికీ కనబడలేదు. అత్తయ్య ఆ అంకె మీద వేలు పెట్టి గీత వెంబడి తిప్పుతూ నిలబడింది. తర్వాత మేస్త్రిని అడిగింది, ఈ చెక్క ఏం చేస్తారు అని. చెదలు పట్టనంతవరకు కోసి బలిపీఠం బల్లకి, ప్రసంగ వేదికకి వాడతామమ్మా అన్నాడు. ఆ మాట ఆవిడ పట్టుకుంది. తర్వాత మూడేళ్లలో ఎవరొచ్చినా, ఆ చెక్క ఎక్కడ పెట్టారు, తడవకుండా ఉందా అని అడిగేది.

ఆరాధనలు పక్కనున్న స్కూలు రేకుల షెడ్డులోకి మారాయి. మొదట్లో బాగానే ఉంది, అందరూ ఇరుక్కుని కూర్చోవడంలో ఒక దగ్గరితనం కూడా వచ్చింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ రేకుల కింద ముసలివాళ్లు కళ్లు తిరిగి పడిపోయేంత వేడి. ఆరాధన పొద్దున ఆరున్నరకి మార్చారు, దాంతో పక్క పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గాని సంఘం విడిపోయేది ఇలాంటి చోట్లే అని నేననుకుంటున్నాను. సిద్ధాంతాల మీద ఎవరూ వెళ్లిపోలేదు. ఆటో దొరక్క, ఎవరూ పలకరించక, ఒక వారం మానేసి, రెండో వారం మానేసి, అలా వెళ్లిపోయారు.

ఇక డబ్బు సంగతి. చందా పుస్తకాలు ఇంటింటికీ తిరిగాయి. స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల సమాజం) తరఫున మేం పిడికెడు బియ్యం పోగేసి అమ్మి ఇచ్చాం. రోజూ అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం మా అత్తగార్ల కాలం నుంచీ ఉన్న అలవాటు. కూలికి వెళ్లే ఆడవాళ్లు కూడా మానకుండా తెచ్చేవాళ్లు. అలాంటి డబ్బు కాబట్టే నాకు లెక్క కావాలనిపించింది. స్లాబు కోసం అని రెండోసారి చందా అడిగినప్పుడు, మొదటిసారి ఎంత వచ్చింది, సిమెంటుకి, ఇనుముకి ఎంతెంత అయింది, ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి పెట్టండి అని మీటింగులో లేచి అడిగాను. కట్టడం డబ్బు చూసే పెద్దాయన మాకు వరసకి బాబాయి అవుతాడు. ఆయన ముఖం మాడిపోయింది. "దేవుని సొమ్ముకి లెక్క దేవుడే చూసుకుంటాడమ్మా, విశ్వాసం ఉన్నవాళ్లు అడిగే మాటేనా ఇది" అన్నాడు. కొందరు ఆమెన్ అన్నారు కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్క అడిగినందుకు నాకు విశ్వాసం లేనట్టేనా? మర్నాడు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తీసి ఎనిమిదో అధ్యాయం చదివాను. యెరూషలేము బీదల కోసం పౌలు పోగేసిన చందా సంగతి అందులో ఉంది. ఆ డబ్బు తీసుకెళ్లడానికి తన జతపనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ని కూడా పంపుతున్నానని, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమ మీద నింద వేయకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా అన్నీ సవ్యంగా ఉండాలని పౌలు అంటాడు. అంత అపొస్తలుడే తన పక్కన సాక్షిని పెట్టుకున్నాడు. అది చదివాక నా మనసు కుదుటపడింది. దేవుణ్ణి నమ్మమని చెప్పి మనిషిని అడగనివ్వకపోవడం వాక్యంలో లేదు. చెల్లీ, ఇది నీకు ప్రత్యేకంగా చెప్తున్నాను. అడుగు. కాగితం మీద అడుగు, మర్యాదగా అడుగు, ఒక్కదానివే కాకుండా నలుగురితో కలిసి అడుగు. అడిగిన తర్వాత కూడా ఆదివారం వెళ్లి అదే బెంచీలో కూర్చో.

ఆ చివరిదే కష్టం. బాబాయి నాతో మాట్లాడటం మానేశాడు, పిన్ని కూడా. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయి కొన్నాళ్లు చర్చికి రావడమే తగ్గించాడు. నాకేమో ప్రార్థనకి మోకరిస్తే చందా పుస్తకాలూ సిమెంటు బస్తాలూ కళ్ల ముందుకొచ్చేవి. దేవుడు నన్ను వదిలేశాడని అనిపించలేదు గాని, ఎదురుగా ఉన్నాడనీ అనిపించలేదు. నా సొంత మాటలు రావట్లేదని తెలిసి కీర్తనల గ్రంథం తీసి రోజుకొకటి గట్టిగా చదవడం మొదలుపెట్టాను, స్టౌ మీద పాలు కాగేలోపు. అందులో ఎన్ని మొరలు ఉన్నాయో అప్పుడు గాని గమనించలేదు. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చీకటిలోనే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అలాంటిది కూడా బైబిల్లో ఉంచారంటే, ప్రార్థన అంటే బాగున్నామని చెప్పడమే కానక్కర్లేదు కదా. నమ్మకం అంటే అంతా నేననుకున్నట్టు తేలుతుందన్న ధైర్యం అనుకునే వాళ్లున్నారు. నాకు మాత్రం ఆ రోజుల్లో నమ్మకం అంటే, కోపంగా ఉన్నా ఆయన దగ్గరికే వెళ్లి ఆ కోపం చెప్పుకోవడం. కోపం వచ్చిన వాళ్ల పేర్లు కూడా చెప్పేదాన్ని, బాబాయి పేరు మొదట.

ఇంతలో 2020 మార్చి వచ్చింది. 22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ, తర్వాత లాక్‌డౌన్. ఏప్రిల్ 12న ఈస్టర్. ఏటా చీకటితోనే లేచి సమాధుల తోటకి వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి, సూర్యోదయ ఆరాధన చేసే వాళ్లం, ఆ ఏడాది ఇంట్లో ఫోను స్టాండుకి ఆనించి పాస్టరు అయ్యగారి ప్రసంగం విన్నాం. అత్తయ్య తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగేసుకుని, ఫోను ముందు లేచి నిలబడాల్సిన చోట నిలబడుతూ కూర్చోవాల్సిన చోట కూర్చుంటూ మొత్తం ఆరాధన చేసింది. కట్టడం పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. పనివాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడికి వెళ్లిపోయారు. పైకి లేచిన ఇనుప చువ్వలు తుప్పు పడుతుంటే ఊళ్లో వాళ్లు "మీ చర్చి ఇంతేనా" అని అడిగేవాళ్లు.

షెడ్డు కారుతోందని సంఘం పాత రిజిస్టర్లు, మినిట్సు పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల్లో మా ఇంట్లో పెట్టారు. లాక్‌డౌన్‌లో అవి చదువుతూ కూర్చున్నాను. నాకు అందులో దొరికిన మేలు అంతా ఇంతా కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది కదా, ఆంగ్లికన్లు (ఇంగ్లండు సంఘం పద్ధతి వాళ్లు), మెథడిస్టులు, ఎస్ఐయూసీ (దక్షిణ ఇండియా ఐక్య సంఘం) వాళ్లు ఒకటయ్యారు. ఇది చిన్నప్పుడు పాఠంలా చదువుకున్నదే. కానీ మా సంఘం మినిట్సులో ఆ ఏడాది పేజీలు చూస్తే మనుషులు ఎంత కంగారుపడ్డారో తెలిసింది. మన ఆరాధన క్రమం ఏమవుతుంది, వేరే పద్ధతి వాళ్ల పాస్టరు వస్తే సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం) ఎలా తీసుకుంటాం, మన పిల్లలు ఎదిగాక విశ్వాసం ఒప్పుకునే నిర్ధారణ చెల్లుతుందా అని ప్రశ్నలు. నంద్యాల ప్రాంతంలో ఆంగ్లికన్ సంఘాలు కొన్ని అప్పుడు ఈ ఐక్యతలోకి రాకుండా ఆగిపోయాయి కూడా. అంటే మా అత్తయ్య ఇది మన తాతల పద్ధతి అని పట్టుకున్నదంతా, ఆ తాతలు భయపడుతూ ఒప్పుకున్న మార్పే.

ఈ ఐక్యత కోసం మొదట కూర్చుని మాట్లాడిన వాళ్లలో డోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఒకరు. ఆయన 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1919లో తమిళనాడు వైపు తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఈ మాట మొదలైంది. 1945 జనవరి 1న ఆయన చనిపోయారు. ఇరవై ఆరేళ్లు దేని కోసం ప్రార్థించారో, తిరిగారో, అది ఇంకో రెండేళ్లకి గాని జరగలేదు. చూడకుండానే వెళ్లిపోయారు. ఆయన మొదలుపెట్టిన డోర్నకల్ కథీడ్రల్ మాత్రం ఏళ్ల తరబడి కట్టీ కట్టీ 1939లో పూర్తయింది, అది చూసుకున్నారు. తుప్పు పట్టిన మా చువ్వలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొచ్చేది, కాస్త ఊపిరి ఆడేది.

2021 మొదట్లో మా అయ్యగారికి బదిలీ అయింది. కట్టడం సగంలో ఉండగా ఎలా వెళ్లిపోతారని అందరం బాధపడ్డాం, ఆపమని ఉత్తరాలు రాశారు, ఆగలేదు. ఆయన స్థానంలో వచ్చింది ఒక మహిళా ప్రెస్బిటర్, అంటే పాస్టరమ్మగారు. సీఎస్ఐలో స్త్రీలకి పాస్టర్లుగా అభిషేకం 1970ల నుంచే ఉంది. 2013లో నంద్యాలకి బిషప్‌గా పుష్పలలిత గారు అభిషేకం పొందారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్. ఇదంతా తెలిసినా మన గుడిలో, మన బలిపీఠం దగ్గర అంటే మనసులు ఒప్పుకోలేదు. ఆశ్చర్యం ఏంటంటే, ఎక్కువ అభ్యంతరం చెప్పింది కొత్త గుడి కావాలన్న పడుచువాళ్లే. ఇద్దరు ముగ్గురు సంస్కారానికి లేవకుండా బెంచీలోనే కూర్చునేవాళ్లు.

మా అత్తయ్య ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆవిడ మొదటి ఆదివారమే లేచి ముందు వరసలో వెళ్లి మోకరించి తీసుకుంది. ఇంటికొచ్చాక అడిగితే, "మా పల్లెకి వాక్యం తెచ్చిందెవరనుకున్నావు? బైబిలమ్మగారు. సంచీలో బైబిలు, లాంతరు పట్టుకుని పొలం గట్ల మీద నడిచొచ్చేది. పగలంతా నాట్లేసి వచ్చిన మా అమ్మా వాళ్లని కూర్చోబెట్టి పాటలు నేర్పింది, అక్షరాలు నేర్పింది. అయ్యగారు నెలకో రెండు నెలలకో బాప్తిస్మాలివ్వడానికి వచ్చేవాడు. ఆడది చెప్తే వినని వాళ్లమైతే మేం క్రైస్తవులమే కాకపోదుము" అంది. అప్పటి మిషన్లలో బైబిలు స్త్రీలు అని ఒక పెద్ద వరసే ఉండేది, జీతం తక్కువ, పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. ఈ మాట అత్తయ్య నాతోనే కాదు, కూర్చుని ఉండిపోయిన ఆ కుర్రాళ్లలో ఒకడి ఇంటికి వెళ్లి వాళ్లమ్మతో కూడా చెప్పింది.

తర్వాత కొద్ది నెలలకే రెండో వేవ్. ఏప్రిల్, మే నెలల్లో మా సంఘంలో చాలామంది పోయారు. పిన్ని కూడా. సమాధుల తోటలోకి నలుగురైదుగురికి మించి వెళ్లే పరిస్థితి లేదు. పాస్టరమ్మగారు మాస్కు మీద మాస్కు పెట్టుకుని ప్రతి సమాధి దగ్గరా నిలబడ్డారు, ఒక్కరినీ ప్రార్థన లేకుండా పంపలేదు. ఆ తర్వాత ఆవిడ దగ్గర సంస్కారం తీసుకోం అన్న మాట నేను వినలేదు. పిన్ని పోయాక పది రోజులూ బాబాయి ఇంటికి మా ఇంటి నుంచే క్యారేజీ వెళ్లింది, గేటు దగ్గర పెట్టి వచ్చేవాళ్లం. మేం మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సిన అవసరం అప్పుడు రాలేదు.

మా ఆరాధన క్రమంలో సంస్కారానికి ముందు సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. బలిపీఠం దగ్గర మొదలై వరసగా వెనక్కి వస్తుంది. ఇచ్చే మనిషి తన కుడి అరచేతిని పుచ్చుకునే మనిషి కుడి అరచేతికి ఆనించి, ఇద్దరూ ఎడమ చేతులు పైన కప్పుతారు. 1950లో వచ్చిన సీఎస్ఐ ఆరాధన క్రమంతో మాకు ఈ పద్ధతి వచ్చింది. కోవిడ్ వల్ల రెండేళ్లు దూరం నుంచే నమస్కారం పెట్టుకున్నాం. 2022 ఈస్టర్ రోజు, రేకుల షెడ్డులోనే, మళ్లీ చేతులు కలపొచ్చని పాస్టరమ్మగారు చెప్పారు. నాకు ముందు బెంచీలో చివరన బాబాయి. ఆయన తన ముందువాళ్ల దగ్గర తీసుకుని వెనక్కి తిరిగితే ఎదురుగా నేనే. క్షణం ఆగాడు. తర్వాత చెయ్యి చాచాడు. ఆయన అరచెయ్యి వణుకుతోంది, చాలా గరుకుగా ఉంది, సన్నబడిపోయింది. సమాధానం మాట చెప్పాడు, నేను తిరిగి చెప్పాను, పక్కనున్న అత్తయ్యకి అందించాను. అంతే. మా ఇద్దరి మధ్యా గొడవ అక్కడితో తీరిపోయిందని చెప్పను. లెక్కలు ఆ ఏడాదే కాగితం మీద పెట్టారు, చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, సిమెంటు బిల్లుల్లో కొంత తేడా మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నువ్వు అడిగిన పద్ధతి బాగోలేదమ్మా అని ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ ఇప్పుడు మా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ అంటాడు.

వెళ్లిపోయిన వాళ్లందరూ తిరిగి రాలేదు. నాతో పాటు ఏళ్లపాటు సండే స్కూల్ చెప్పిన నా స్నేహితురాలు షెడ్డు రోజుల్లోనే బైపాస్ దగ్గర పెట్టిన స్వతంత్ర సంఘానికి వెళ్లిపోయింది. అక్కడ పాటలు, ఉపవాస ప్రార్థనలు తనకి మేలు చేస్తున్నాయట. మొదట్లో చాలా కోపం వచ్చింది. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో మార్కు అనే సహచరుణ్ని వెంట తీసుకెళ్లడం గురించి పౌలూ బర్నబా అంత తీవ్రంగా వాదించుకుని చెరో దారి పడతారు, ఇద్దరూ పని ఆపరు, చాలాకాలం తర్వాత తన చివరి ఉత్తరాల్లో పౌలే మార్కుని తీసుకురమ్మని అడుగుతాడు. వాళ్లిద్దరి మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో, ఎవరు ముందు మాట్లాడారో రాయలేదు. నేను ప్రతి క్రిస్మస్‌కి తనకి అరిసెలు పంపిస్తాను, తను కేకు పంపిస్తుంది. తన పిల్లలు మా పిల్లలకి ఫోన్ చేసుకుంటూనే ఉంటారు.

2022 చివర్లో కొత్త గుడి ప్రతిష్ఠ జరిగింది. పెద్దదే, అందరికీ చోటుంది, వెలుతురు బాగుంటుంది. కానీ మాట ప్రతిధ్వనిస్తుంది, వెనక కూర్చున్న వాళ్లకి ప్రసంగం సరిగ్గా వినపడదు. పాతదాంట్లో ఉన్న చల్లదనం లేదు, వేసవిలో ఫ్యాన్లు ఎన్ని ఉన్నా చాలవు. కోవిడ్ తర్వాత సంస్కారం ద్రాక్షారసం ఒకే గిన్నెలోంచి కాకుండా చిన్న చిన్న కప్పుల్లో ఇస్తున్నారు, అది అత్తయ్యకి అస్సలు నచ్చలేదు. మేస్త్రి మాట నిలబెట్టుకున్నాడు, బలిపీఠం బల్ల ఆ పాత టేకుతోనే చేశారు. దగ్గరికెళ్లి చూస్తే కింది అడ్డపట్టీ మీద ౪ అంకె అలాగే ఉంచాడు, చిత్రిక పట్టకుండా. సండే స్కూల్ పిల్లలు పాత గుడి చూడలేదు కాబట్టి వాళ్లకి ఇదే గుడి. వాళ్లని ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ అంకె చూపించి బైబిలమ్మగారి కథ, సున్నం మోసిన తాత కథ చెప్తాను.

ఇప్పుడు కొత్త చర్చ నడుస్తోంది. పొద్దున ఏడింటికి ఇంగ్లీషు ఆరాధన వేరేగా పెట్టాలని, కీబోర్డు, డ్రమ్స్ ఉండాలని పిల్లలు అడుగుతున్నారు. హార్మోనియంతో పాడే కీర్తనలు ఏమైపోవాలి, సంఘం మళ్లీ రెండవుతుంది అని పెద్దవాళ్లు అంటున్నారు. నాకు రెండు వైపుల మాటా సబబుగానే ఉంది, ఇంకా తేల్చుకోలేదు. ఒక్క ఆరాధనలోనే రెండు రకాల పాటలూ పెట్టమని అడుగుదామనుకుంటున్నాను, దానికయ్యే ఖర్చు ముందే కాగితం మీద పెట్టమని కూడా. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మీటింగు. ఎండకి వద్దు అత్తయ్యా అన్నా వినకుండా ఆవిడ కూడా వస్తానంటోంది, ఈసారి చెప్పాల్సింది చాలా ఉందట.